మావి చేసే మేలు

"గర్భిణి తక్కువ తింటే బిడ్డ చిన్నదై కాన్పు తేలికవుతుంది" అని కొన్ని ఇళ్లలో పెద్దలు అంటూ వుంటారు. మరికొందరు డబ్బాలకొద్దీ ప్రోటీను పొడి కొని కోడలిచేత తాగిస్తారు. ఈ రెండూ సరికాదు. ఎందుకో తెలియాలంటే మావి చేసే పనిని తెలుసుకోవాలి.

కాన్పు కాగానే మనం పారవేసే ఈ మావి నెలలు నిండేసరికి సుమారు అరకిలో వుంటుంది. తల్లి రక్తమూ బిడ్డ రక్తమూ కలిసిపోతాయనుకోవడం పొరపాటు. రెంటికీ నడుమ మావిలో పలుచని పొర వుంటుంది.

తల్లి తిన్న పప్పులో, గుడ్డులో, పాలలో వున్న మాంసకృత్తులు జీర్ణమై, ఎమినో ఆమ్లాలుగా విడిపోయి రక్తంలో చేరతాయి. బిడ్డ కండలు, గుండె, మెదడు పెరగడానికి ఇవే ముడిసరుకు. మావి వీటిని వూరికే వడకట్టి వదలదు. బావినీళ్లు తోడి మేడమీది తొట్టిలోకి ఎక్కించినట్లు, శక్తి ఖర్చు చేసి అవతలికి చేరవేస్తుంది. అందుకే చాలా ఎమినో ఆమ్లాలు తల్లి రక్తంలోకంటే బిడ్డ రక్తంలో ఎక్కువగా వుంటాయి. అంతేకాదు, బిడ్డ రక్తంలోని గ్లూటమేట్‌ను తీసుకుని గ్లూటమిన్‌గా మార్చగలదు.

అయితే లైసిన్, ల్యూసిన్ వంటి 9 ఎమినో ఆమ్లాలను మావీ తయారు చేయలేదు, తల్లి శరీరమూ తయారు చేయలేదు. అవి తిండిలోంచి రావలసిందే. తల్లి పస్తులున్నా, ఆమెకు రక్తపోటు పెరిగినా, మలేరియా వచ్చినా మావి పని కుంటుపడవచ్చు. 2.5 కిలోలకు తక్కువ బరువుతో పుట్టిన బిడ్డ జబ్బులకు తేలికగా లోనవుతుంది. తేలిక కాన్పు కోసం బిడ్డను ఎండగట్టడం ఏం న్యాయం?

మామూలుగా తినేదానికి అదనంగా 4 నుంచి 6 నెలల్లో రోజుకు 9.5 గ్రాములు, చివరి మూడు నెలల్లో 22 గ్రాముల మాంసకృత్తులు కావాలని హైదరాబాదులోని జాతీయ పోషకాహార సంస్థ 2020లో సూచించింది. ఒక గుడ్డు, గ్లాసుడు పాలు, గుప్పెడు వేరుశనగపప్పు కలిస్తే సుమారు 20 గ్రాములు వస్తాయి. శాకాహారులు పప్పన్నం మానకూడదు. బియ్యంలో తక్కువైన లైసిన్ పప్పులో సమృద్ధిగా వుంటుంది. అంగన్‌వాడీలో ఇచ్చే గుడ్డు గర్భిణికే పెట్టండి, ఇంట్లో పంచవద్దు.

అధిక ప్రోటీను పొడులు గర్భిణులకు అవసరం లేదని ప్రపంచ ఆరోగ్యసంస్థ 2016లోనే చెప్పింది. ఆ డబ్బు పాలకూ గుడ్లకూ ఖర్చు పెట్టండి. మూత్రపిండాల జబ్బు వున్నవారు మాత్రం డాక్టరు సలహా ప్రకారమే తినాలి.

ముఖం, చేతులు వాచినా, తలనొప్పి ఎక్కువైనా, బిడ్డ కదలికలు తగ్గినా మరునాటికి వాయిదా వేయకండి. వెంటనే ఆసుపత్రికి వెళ్లండి.