ఏడు నిమిషాల వ్యాయామం అందరికీ మంచిదేనా?



2013లో అమెరికాలో ఇద్దరు వ్యాయామ నిపుణులు ప్రచురించిన ‘ఏడు నిమిషాల వ్యాయామం’ మా నర్సులం కొందరం కలిసి ఆరు వారాలు చేసి ముగించాము. మొత్తం 12 రకాలు. ఒక్కొక్కటి 30 సెకన్లు, మధ్యలో 10 సెకన్ల విరామం. ఒక గోడ, ఒక గట్టి కుర్చీ ఉంటే చాలు. మెట్లెక్కేటప్పుడు ఆయాసం తగ్గింది. బరువు మాత్రం చెప్పుకోదగినంత తగ్గలేదు.

అయితే ఇది అందరికీ తగినది కాదు. గోడకు ఆనుకొని కుర్చీలో కూర్చున్నట్టు నిలవడం, మోచేతుల మీద శరీరాన్ని నిలిపే ప్లాంక్, పక్కకు తిరిగి చేసే ప్లాంక్, ఈ మూడూ బి.పి., గుండె జబ్బు ఉన్నవారికి వద్దని ఆ నిపుణులే రాశారు. కదలకుండా కండరాలు బిగించినప్పుడు రక్తపోటు పెరుగుతుంది. ఊపిరి కూడా బిగబడితే మరీ ప్రమాదం. బి.పి. ఉన్నా తెలియనివారు మనలో ఎందరో! కాబట్టి మొదలుపెట్టకముందే ఒకసారి బి.పి. చూపించుకోండి.

రోజూ చేసినా ఇది వారానికి సుమారు 55 నిమిషాలే. పెద్దలకు వారానికి కనీసం 150 నిమిషాల చురుకైన నడక వంటి శ్రమ, లేదా 75 నిమిషాల తీవ్ర వ్యాయామం అవసరమని 2020లో ప్రపంచ ఆరోగ్య సంస్థ సూచించింది. అందుచేత నడక మానకండి. వ్యాయామం చేస్తుండగా ఛాతీలో నొప్పి వచ్చినా, కళ్ళు తిరిగినా వెంటనే ఆపి ఆసుపత్రికి రండి.