నీటి పెద్దరికము, నోటి పెద్దరికము

ఒకే భాష పలుకువారిని ఆ భాషయే విడదీయగలదా? తెలుగుదేశ చరిత్ర ఔననియే చెప్పుచున్నది. 1956 నవంబరు 1వ తేదీన తెలుగువారిని ఒక్క రాష్ట్రముగా కూర్చినది భాష. 2014 జూన్ 2వ తేదీన ఆ రాష్ట్రము రెండైనది. నీళ్లు, నిధులు, నియామకములు అందులకు ముఖ్యకారణములగుట నిజము. కాని తమ పలుకును బడిలో తప్పు పట్టిరి, చలనచిత్రములలో నవ్వులపాలు చేసిరి అను తెలంగాణీయుల బాధయు స్వల్పము కాదు. నీటి లెక్కలు సరిచూడవచ్చును. ఎగతాళిచేఁ గలిగిన గాయము మానుట కష్టము. నేఁడు తెలుగునకు రెండు పండుగలు: మనకు గిడుగు రామమూర్తి పంతులు జన్మదినమగు ఆగస్టు 29, వారికి కాళోజీ జన్మదినమగు సెప్టెంబరు 9.

ఈ విషయమున కృష్ణాతీరవాసులు ముందుగా తమ్ముఁ దాము విచారించుకొనవలెనని మా యభిప్రాయము. బందరు, గుడివాడ ప్రాంతముల పలుకుబడియే ప్రామాణికమని మనలోఁ బెక్కుర నమ్మకము. ఆ ప్రామాణ్య మెట్లు వచ్చెను? 1855లో బెజవాడ యానకట్ట ముగిసెను. కాలువలు పాఱెను; పైరులు పండెను. పంటల వెంట బడులు, అచ్చుకూటములు, పత్రికలు వచ్చెను. నిజాము రాజ్యమునందో, 1918లో వెలసిన ఉస్మానియా విశ్వవిద్యాలయమునఁ గూడ బోధన ఉర్దూలోనే సాగెను. అచ్చటి తెలుగునకు అట్టి యాదరువు లేదు. నీటివలన వచ్చిన పెద్దరికమును నోటివలన వచ్చినదని భ్రమింపఁదగునా?

తెలంగాణపు తెలుగున ఉర్దూ మాటలున్నవని నవ్వువారు, తమ యూరిపేరగు ‘బందరు’ పారసీకమని మఱచుచున్నారు. దాని కర్థము రేవు. గోలకొండ సుల్తానుల యేలుబడిలో వర్ధిల్లిన రేవిది. దస్తావేజు, జమాబందీ, ఖరీదు మన నోట తెలుగులైనపుడు, ఒరుల నోట పరభాష లెట్లగును?

ఈ జాడ్యమునకు ఎల్ల లేదు. ఓరుగల్లు మాటను నవ్విన నోరు విశాఖ మాటను నవ్వును. తుదకు ఏటి కావల దివిసీమ జాలరి మాటనుగూడ నవ్వును. ఉపాధ్యాయులారా, ప్రామాణికభాషను నేర్పుఁడు. కాని బిడ్డ యింటిమాటను తప్పని కొట్టివేయకుఁడు. అది వేఱుమాట గాని తప్పుమాట కాదు.

1977 నవంబరు 19న ఉప్పెన దివిసీమను ముంచినపుడు తెలుగునాట నలుమూలల నుండియు అన్నవస్త్రములు వచ్చెను. అవి తెచ్చినవారి యాస యేదని దివిసీమ యడుగలేదు. ఆఁకలినాఁటి యా వివేకము కడుపు నిండిన నాఁడును నిలువవలెను.