తాళం ఫోనుకు, నడవడి పిల్లలకు

కరువు జిల్లా బిడ్డలమైన మాకు సెల్‌ఫోను సరదా వస్తువు కాదు. వేరుశనగ ఎండి, బోరు అడుగంటి, అమ్మానాన్నలు బెంగళూరికి వలసపోతే, బిడ్డకు వాళ్ళ గొంతు వినిపించేది ఆ ఫోనే. హాస్టల్లో ఫోను లేకున్నా సెలవులకు ఇంటికి పోగానే అది చేతికొస్తుంది. అందుకే "పిల్లలకు ఫోనే వద్దు" అనే మాటతో మేము ఏకీభవించలేము.

తాళాలు వేయడం తప్పని మేము అనడం లేదు. ఆస్ట్రేలియాలో 2025 డిసెంబరు 10 నుండి 16 ఏళ్ళ లోపు వారికి సోషల్ మీడియా ఖాతాలు ఉండరాదనే చట్టం అమలుకు వచ్చింది. మన దేశంలో 2023లో చేసిన డిజిటల్ వ్యక్తిగత సమాచార రక్షణ చట్టం, 18 ఏళ్ళు నిండని వారి సమాచారం వాడుకోవాలంటే తల్లిదండ్రుల అనుమతి ఉండాలంటుంది. మంచిదే. కానీ చదువురాని తల్లి ఫోనులో "అంగీకరిస్తున్నాను" అనే చోట వేలు పెట్టేది ఎవరు? ఆ పిల్లవాడే. చట్టం అక్కడ ఆగిపోతుంది. ఆ వేలిని ఆపవలసింది వాడి మనసే.

ఆ మనసును తయారుచేసేది ఎలా? వేమన సమాధి మన కదిరి ప్రాంతంలోని కటారుపల్లెలోనే ఉంది. ఆయన పద్యాలు మనందరికీ నోటికి వచ్చు. అయితే నీతి నోటికి వస్తే చాలదు, చేతల్లోకి రావాలి. అందుకు మన హాస్టలే మంచి బడి. నీళ్ళు రాని రోజు ఒక్క బకెట్టుతో సరిపెట్టుకున్నవాడికి నిగ్రహం గురించి వేరే చెప్పాలా? "ఇంకొక్క వీడియో" అని మనసు లాగినప్పుడు ఆ బకెట్టును గుర్తుచేస్తే చాలు. తాళం లేకున్నా పక్కవాని పెట్టె తెరవనివాడు, పక్కవాని ఫోటో అడగకుండా ఎవరికీ పంపడు. ఎదురుగా అనలేని మాట గ్రూపులోనూ పెట్టకపోవడమే దయ. "బహుమతి తగిలింది, ఓటీపీ చెప్పు" అంటే ఒక్క నిమిషం ఆగి పెద్దలను అడగడమే వివేకం.

అన్నిటికంటే ముఖ్యమైనది ధైర్యం. ముక్కూమొహం తెలియనివాడు ఫోటో అడిగినా, బెదిరించినా, "భయంగా ఉందన్నా" అని చెప్పగలిగే ధైర్యం. పిల్లలు నోరు విప్పకపోవడమే మోసగాళ్ళ బలం. ఈ ధైర్యం పిల్లలు ఒక్కరే తెచ్చుకునేది కాదు. చెప్పిన రోజే దెబ్బలు పడితే ఇంకోసారి ఏ పిల్లవాడూ చెప్పడు. పిల్లలను ఫోను ద్వారా లైంగికంగా వేధించినా 2012 నాటి పోక్సో చట్టం కింద నేరమే. తప్పు వేధించినవానిది, బిడ్డది కాదు. పిల్లలకు ఆపద వస్తే 1098కు, ఆన్‌లైన్‌లో డబ్బు పోతే వెంటనే 1930కి ఫోను చేయాలి. ఈ రెండు నంబర్లూ ఎక్కాల మాదిరి నోటికి రావాలి.

కాబట్టి మా కోరిక ఒక్కటే. వారానికొక రోజు స్టడీ అవర్ అయ్యాక, పదో తరగతి అన్నలు చిన్న తమ్ముళ్ళతో అరగంట కూర్చోవాలి. ఉపన్యాసాలు వద్దు. "ఇట్లా మెసేజి వస్తే నువ్వేం చేస్తావురా?" అని అడిగి, వాళ్ళు చెప్పేది వినాలి. పూర్వ విద్యార్థులైన అన్నలారా! వార్షికోత్సవానికి మీరిచ్చే ఫ్యాన్లు, పుస్తకాలు మాకు సంతోషమే. ఈసారి మీ సమయం కూడా ఒక పూట ఇవ్వండి. పోలీసు శాఖలో, బ్యాంకుల్లో పనిచేసే మీరు కళ్ళారా చూసిన మోసాలను తమ్ముళ్ళకు చెప్పండి. మీ మాట వాళ్ళు తప్పక వింటారు.