అద్దాల మేడల్లో ఉద్యోగి ఎవరు?

1998లో మాదాపూర్‌లో సైబర్ టవర్స్ మొదలైనప్పటి నుంచీ ఐటీలో పనిచేసే స్త్రీ అనగానే మన కళ్ళముందు మెదిలేది ఒకే బొమ్మ: మెడలో ఐడీ కార్డుతో, భుజాన లాప్‌టాప్ సంచీతో క్యాబ్ ఎక్కే చదువుకున్న అమ్మాయి. ఆమె సమస్యలు చిన్నవేమీ కావు. అమెరికా పగటివేళకి జరిగే రాత్రి మీటింగులూ, ప్రసూతి సెలవు తర్వాత ఆగిపోయే ప్రమోషన్లూ మనం చర్చిస్తూనే వున్నాం. కానీ ఆమె కంటే ముందే వచ్చి బల్లలు తుడిచే స్త్రీ, ప్యాంట్రీలో కప్పులు కడిగే స్త్రీ, గేటు దగ్గర సంచీలు తనిఖీ చేసే స్త్రీ - వీళ్ళెవరూ ఐటీ ఉద్యోగుల లెక్కలోకి రారు.

పరిశోధన పనిమీద ఈ ఆఫీసులకి వెళ్ళినప్పుడల్లా నాకు ముందు కనపడేది మెడలోని పట్టీ రంగు. చాలాచోట్ల కంపెనీ వాళ్ళకి ఒక రంగు, కాంట్రాక్టు వాళ్ళకి ఇంకో రంగు. ఎవరు ఎక్కడ కూర్చుని తినాలో కూడా ఆ రంగే చెప్తుంది. హౌస్‌కీపింగ్ చేసే ఒకామెని, "ఇక్కడ ఎవరైనా ఇబ్బంది పెడితే ఎవరికి చెప్తారమ్మా?" అని అడిగాను. "సూపర్‌వైజర్ సార్‌కి చెప్పాలి మేడం" అంది. "ఆయనే ఇబ్బంది పెడితే?" అన్నాను. "పని మానెయ్యాలి" అంది, ఇందులో అడగడానికేముందన్నట్టు. అంతర్గత కమిటీ సభ్యుల పేర్ల నోటీసు ఆమె వెనక గోడమీదే వుంది, ఇంగ్లీషులో.

ఆ నోటీసు ఎక్కడి నుంచి వచ్చిందో ఒకసారి గుర్తు చేసుకోవాలి. రాజస్థాన్‌లోని భటేరీ గ్రామంలో గౌరవవేతనం మీద ప్రభుత్వ కార్యక్రమంలో 'సాథిన్'గా పనిచేసిన భన్వరీదేవి, ఒక పసిపిల్ల పెళ్ళిని ఆపడానికి ప్రయత్నించినందుకు 1992లో సామూహిక అత్యాచారానికి గురయింది. 1995లో కింది కోర్టు నిందితులు అత్యాచారం చేయలేదని తేల్చింది. ఆమె పోరాటం వెనక నిలబడి స్త్రీల సంఘాలు సుప్రీంకోర్టుకి వెళ్ళడం వల్లే 1997లో విశాఖ తీర్పు, 2013లో పనిచోట లైంగిక వేధింపుల నిరోధక చట్టం వచ్చాయి. అంటే అద్దాల మేడల్లో స్లైడులు వేసి చెప్పే ఈ చట్టానికి మూలం పర్మినెంటు ఉద్యోగి కాదు, ఏ పట్టీ లేని పల్లెటూరి కార్యకర్త.

అందుకే ఆ చట్టంలో ఉద్యోగి అనే మాటకి అర్థం విశాలంగా వుంది. కాంట్రాక్టరు ద్వారా వచ్చినా, రోజుకూలీ అయినా, జీతం లేకుండా పనిచేసినా, శిక్షణలో వున్నా ఉద్యోగే. రాయలేని స్త్రీకి ఫిర్యాదు రాసిపెట్టడం కమిటీ బాధ్యత. యాజమాన్యం పంపే వాహనం కూడా పనిచోటే. అయితే ఇక్కడే తేడా చూడండి. రాత్రి క్యాబ్ ఇంటిముందు దింపే స్త్రీకి దారి పొడవునా ఈ రక్షణ వుంది. తెల్లవారకముందే బస్సు దిగి నడిచి వచ్చే స్త్రీకి ఆ దారిలో అది లేదు.

ఆచరణలో కంపెనీ "ఆమె మా ఉద్యోగి కాదు" అంటుంది. కాంట్రాక్టరు "అది మా ఆఫీసు కాదు" అంటాడు. ఈ రెండు మాటల మధ్య ఆమె ఫిర్యాదు మాయమవుతుంది. ఇది చీపురు పట్టిన స్త్రీకి మాత్రమే జరిగేది కాదు. వేరే సంస్థ పేరోల్ మీద వుంటూ క్లయింటు ఆఫీసులో పనిచేసే సాఫ్ట్‌వేర్ అమ్మాయి కూడా ఇదే సందులో ఇరుక్కుంటోంది. పట్టీ రంగు ఆమెదీ వేరే.

ఈ పత్రిక చదివేవాళ్ళలో చాలామంది ఈ కమిటీల్లో బయటి సభ్యులుగా వున్నారు. స్త్రీల కోసం పనిచేసే సంస్థల నుంచి ఒకరు వుండాలని చట్టం పెట్టింది మనం అలంకారంగా కూర్చోడానికి కాదు. మనకి ఫీజు ఇచ్చేది కంపెనీయే కాబట్టి ఇబ్బందికరమైన ప్రశ్నలు వేయడం కష్టమేనని నాకు తెలుసు. అయినా అడగాలి. శిక్షణకి కాంట్రాక్టు స్త్రీలని పిలిచారా? ఆ గంటకి వాళ్ళ కూలి కోస్తున్నారా? నోటీసు తెలుగులో, అక్కడ పనిచేసేవాళ్ళు చదవగలిగే మిగతా భాషల్లో వుందా? కాంట్రాక్టరు మారినప్పుడు ఫిర్యాదు చేసిన స్త్రీ పని నిలుస్తుందా?

ఏటా పంపే నివేదికలో 'ఫిర్యాదులు: సున్నా' అని రాసి వుంటే సంతకం చేసే ముందు ఆగాలి. ఆ భవనంలో ఎంతమంది స్త్రీలకి తాము ఉద్యోగులమని తెలుసో తేలకుండా, ఆ సున్నాని భద్రత అని ఒప్పుకోవడానికి వీల్లేదు.