గృహవిద్య – ప్రాచ్యకళాశాలల కర్తవ్యము

హైదరాబాదు నగరప్రాకారమునకు ఒకప్పుడు పదమూడు దర్వాజాలుండెడివి. వానిలో నేటికిని నిలిచియున్న కొలదింటిలో దబీర్‌పురా దర్వాజా ఒకటి. పారసీకమున 'దబీర్' అనగా లేఖకుడు. లేఖకుని పేరు ధరించిన ఈ పేటలో చదువు పాఠశాలకే పరిమితమైయుండలేదు. ఖురాను పఠనమును ఇంటికి వచ్చు ఉస్తాదువద్దనో, కుటుంబములోని పెద్దలవద్దనో అభ్యసించుట, మొహర్రము దినములలో బీబీకా అలావా వంటి స్థలముల మజ్లిసులలో మర్సియాలను విని కంఠస్థము చేయుట ఇచ్చటి కుటుంబములకు పరిచితములు. తండ్రివద్ద అమరకోశమును వల్లెవేసి, సంత చెప్పించుకొని వేదమును నేర్చిన తెలుగు పండితకుటుంబముల పద్ధతియు ఇట్టిదే. కావున గృహవిద్య నిన్నమొన్న పాశ్చాత్యదేశముల నుండి దిగుమతియైన వింత యని భావించుట సమంజసము గాదు.

అయినను నేడు బిడ్డకు ఇంటివద్దనే సంపూర్ణముగా విద్య గరపదలచిన కుటుంబము ఒంటరిది. బంధువులు శంకింతురు, ఇరుగుపొరుగువారు ప్రశ్నింతురు, రేపు యోగ్యతాపత్రము ఎవరిత్తురను భయము తల్లిదండ్రులను వెన్నాడుచుండును. ఆ కుటుంబమునకు కావలసినది పొగడ్త గాదు, తోడు. ఆ తోడు నీయగల అర్హత ప్రాచ్యకళాశాలలకు విశేషముగా కలదు.

పూర్వము ఇంటిచదువు గౌరవము పొందుటకు కారణము పరీక్ష. నిజాం రాష్ట్రమున ఉర్దూ బోధనామాధ్యమమై తెలుగునకు తగిన తావు లేని కాలమున, 1943లో నిజాం రాష్ట్ర ఆంధ్ర సారస్వత పరిషత్తు ఏర్పడినది. నేడది తెలంగాణ సారస్వత పరిషత్తుగా వ్యవహృతమగుచున్నది. ప్రాథమిక, ప్రవేశ, విశారద పరీక్షలను నెలకొల్పి, బడిలో తెలుగు చదువు నోచుకొననివారికి సైతము ఆ సంస్థ ఒక సోపానమును నిర్మించినది. అంతకు పూర్వమే 1931లో డాక్టర్ మొహియుద్దీన్ ఖాద్రీ జోర్ ప్రభృతులు స్థాపించిన ఇదారె అదబియాతె ఉర్దూ, ఉర్దూ విషయమున ఇట్టి పరీక్షలనే నిర్వహించినది. ఇక ఇంటివద్దనే చదివి, ప్రైవేటుగా విద్వాన్ పరీక్షకు కూర్చుండి, ఉపాధ్యాయపదవుల నలంకరించిన తెలుగు పండితులు పెక్కుమంది. వారి శిష్యప్రశిష్యులే నేటి ప్రాచ్యకళాశాలలలో పాఠములు చెప్పుచున్నారు. ఎచ్చట చదివితివని గాక ఏమి నేర్చితివని ప్రశ్నించిన సంస్థలు ఉండుటచేతనే ఆ విద్య నిలిచినది.

నేటి శాసనస్థితి కొంత సందిగ్ధము. 2002 నాటి 86వ రాజ్యాంగసవరణ 21-ఎ అధికరణమును చేర్చి, ఆరు మొదలు పదునాలుగేండ్ల వరకు ఉచిత నిర్బంధవిద్యను హక్కు గావించినది. ఆ సవరణయే 51-ఎ అధికరణమున తల్లిదండ్రులకు విధించిన కర్తవ్యము బిడ్డకు విద్యావకాశములు కల్పించుట. అందు పాఠశాల అను పదము లేదు. కాని 2009 నాటి విద్యాహక్కు చట్టము పదియవ విభాగము, సమీపపాఠశాలలో బిడ్డను చేర్పించుట తల్లిదండ్రుల విధి యని పలుకుచున్నది. దానిని పాటింపనివారికి ఆ చట్టము శిక్షను విధింపలేదు. గృహవిద్యకు స్పష్టమైన గుర్తింపును ఒసగలేదు. 2012 నాటి సవరణ మదరసాలను, వేదపాఠశాలలను ఆ చట్టపరిధినుండి తొలగించినది గాని ఇంటిని గూర్చి మౌనము వహించినది.

పదియవ తరగతికి మార్గము కలదు. 1979లో ప్రయోగముగా ఆరంభమై 1989లో స్వతంత్రసంస్థగా రూపొందిన జాతీయ సార్వత్రిక విద్యాసంస్థ, తెలుగు, ఉర్దూ మాధ్యమములలోను పరీక్షల నిర్వహించుచున్నది. రాష్ట్రస్థాయిలో సార్వత్రిక విద్యాపీఠమును కలదు. అయితే పదియవ తరగతి పరీక్షకు పదునాలుగేండ్లు నిండవలెను. అంతవరకు గడచు ఎనిమిదేండ్లలో బిడ్డ ముందునకు సాగుచున్నదో లేదో స్నేహభావముతో పరిశీలించి చెప్పువారు కుటుంబమునకు చేరువలో ఉండుట అరుదు. అసలు లోటు ఇదియే.

ఇచ్చట ఒక ఆక్షేపము బలమైనది. ఇంటిచదువను పేరుతో ఆడపిల్లలను బడి మాన్పించి వంటింటికి, పనికి, బాల్యవివాహమునకు అప్పగింపరా యని పలువురు శంకింతురు. ఈ శంక నిరాధారము గాదు. చదువు మాన్పించుట వేరు, ఇంట చదివించుట వేరు. రెండింటిని వేరుచేయగలది పరిశీలన ఒక్కటే. కుటుంబమును దూరముననుంచి నిందించువారికి దాని లోపలి సంగతి తెలియదు. చేయూతనిచ్చి ఇంటిలో అడుగిడినవారికే బిడ్డ చేత పుస్తకమున్నదా, చీపురున్నదా యని చూడగల అవకాశము కలుగును. కావున ప్రోత్సాహము, పరిశీలన పరస్పరవిరుద్ధములు గావు. మొదటిది లేనిదే రెండవదానికి తలుపు తెరువబడదు.

ప్రాచ్యకళాశాలలు చేయదగిన పనులు వ్యయసాధ్యములు గావు. గృహవిద్యార్థులకు గ్రంథాలయప్రవేశము కల్పింపవచ్చును. వారమున కొక సాయంకాలము తెలుగు, సంస్కృత వ్యాకరణపాఠములు చెప్పవచ్చును. సంవత్సరమునకు రెండు పర్యాయములు చదువుట, వ్రాయుట, గణితము, పరిసరవిజ్ఞానములందు బిడ్డ స్థాయిని పరీక్షించి తల్లిదండ్రులకు లిఖితాభిప్రాయము నొసగవచ్చును. గణితవిజ్ఞానములకు ఇరుగుపొరుగు పాఠశాలల ఉపాధ్యాయుల సాయమును కోరవచ్చును. బడిలో చేరదలచిన బిడ్డను విద్యాహక్కు చట్టము నాలుగవ విభాగము ననుసరించి వయస్సునకు తగిన తరగతిలో చేర్చుటకు తోడ్పడవచ్చును. దబీర్‌పురా వంటి పేటలలో ఉర్దూ సంస్థలతో కలసి ఈ కార్యమును సాగించినచో తెలుగు నేర్వగోరు ఉర్దూ కుటుంబములకును మేలు కలుగును.

దీనికి పూర్వరంగము లేకపోలేదు. 1987లో ఏర్పడిన మహర్షి సాందీపని రాష్ట్రీయ వేదవిద్యా ప్రతిష్ఠానము గురుశిష్యపరంపర పేరున, పాఠశాలాభవనము లేకయే శిష్యులకు వేదము నేర్పు గురువులకు ఆర్థికసాయము నొసగుచున్నది. భవనము లేని చదువును వేదము విషయమున అంగీకరించిన ప్రభుత్వము, తగిన పరిశీలనతో ఇతరవిద్యల విషయమునను అంగీకరింపరాదని చెప్పుటకు హేతువు కనబడదు. 2020 నాటి జాతీయ విద్యావిధానము సైతము నియత, అనియత మార్గములు రెండింటిని గుర్తించినది.

ప్రభుత్వము స్పష్టమైన నియమములు చేయువరకు కళాశాలలు వేచియుండనక్కరలేదు. పరిషత్తు తన పరీక్షలను ఆరంభించినపుడు ప్రభుత్వమునుండి ఆహ్వానమేదియు వచ్చియుండలేదు. విద్య ఇంటినుండి వచ్చినను బడినుండి వచ్చినను పరీక్షించి గౌరవించుట ప్రాచ్యవిద్యాసంప్రదాయము. ఆ సంప్రదాయమునకు వారసులమనుకొను సంస్థలు, తమ వాకిట నిలిచిన గృహవిద్యార్థిని ఏ బడినుండి వచ్చితివని గాక, ఏమి చదివితివని అడుగవలసియున్నది.