మధ్య గడిలో నాన్న పేరు

సూరత్‌లో పిల్లల్ని బడిలో వేసేటప్పుడు మూడు పేర్లు అడుగుతారు: పిల్లల పేరు, తండ్రి పేరు, 'అటక్'. అటక్ అంటే గుజరాతీలో ఇంటిపేరు. సిరిసిల్ల, వరంగల్, నల్గొండ వైపు నుంచి మరమగ్గాల పనికి వెళ్లి లింబాయత్‌లో కాపురం పెట్టిన పద్మశాలీలకు ఇదో కొత్త లెక్క. మన దగ్గర ఆడెపు శ్రీనివాస్ అంటే చాలు. తండ్రి రాజయ్య అయితే అక్కడ అతను శ్రీనివాస్ రాజయ్య ఆడెపు. ముందు నడిచే ఇంటిపేరు వెనక్కి వెళ్లింది, నాన్న మధ్యలోకి వచ్చాడు. మోహన్‌దాస్ గాంధీ పేరులోకి కరమ్‌చంద్ వచ్చినట్టే.

తండ్రి పేరుతో మనిషిని చెప్పుకోవడం ఒకప్పుడు స్కాండినేవియా అంతటా ఉండేది. యెన్స్ కొడుకు యెన్సెన్, కూతురు యెన్స్‌డాటర్. తరం మారితే పేరూ మారేది. పన్నులకూ ఆస్తి లెక్కలకూ ఇది చిక్కే. డెన్మార్క్‌లో 1828లో స్థిరమైన ఇంటిపేరు ఉండాలని రాజు ఉత్తరువు వచ్చింది. స్వీడన్ 1901లో, నార్వే 1923లో చట్టాలు చేశాయి. నార్వేలో చాలామంది తాము సాగుచేసుకునే పొలం పేరే ఇంటిపేరు చేసుకున్నారు. ఊరి పేర్లు ఇంటిపేర్లయిన మనకు ఇందులో వింతేమీ లేదు. నా మనసుకు పట్టింది మరో సంగతి. పేరు గడ్డకట్టాక ఆడపిల్ల కూడా యెన్సెనే అయింది. అంటే యెన్స్ కొడుకు! కూతురనే మాట పేరులోంచి చెరిగిపోయింది.

ఐస్‌లాండ్ మాత్రం పాత పద్ధతి వదల్లేదు. 1980లో ఆ దేశానికి అధ్యక్షురాలైన విగ్దిస్ ఫిన్‌బోగాదోత్తిర్ పేరుకు ఫిన్‌బోగి కూతురు విగ్దిస్ అని అర్థం. అక్కడ పెళ్లితో స్త్రీ పేరు మారదు. తల్లి పేరు పెట్టుకున్నా చెల్లుతుంది.

గుజరాత్ ఆనవాయితీలో పెళ్లయిన స్త్రీకి మధ్య గడిలో నాన్న పోయి భర్త వస్తాడు, అటక్ కూడా మారుతుంది. మూడింట్లో మిగిలేది తన పేరొక్కటే. మన ఇళ్లలోనూ ఇంటిపేరు మారుస్తున్నాం కాబట్టి ఒక్క గుజరాత్‌నే అనలేం. మార్చి తీరాలని చట్టమేదీ లేదు. సూరత్ నగరపాలక సంస్థ తెలుగు బడిలో చదువుకున్న పిల్ల, ఆ సర్టిఫికెట్ మీది మూడు పేర్లతోనే రేపు బ్యాంకు ఖాతా, రేషన్ కార్డు, ఇంటి కాగితం రాయించుకోవాలి. సంబంధం మాట్లాడుకునే రోజే ఇరువైపుల పెద్దలూ పిల్ల పేరు మార్చబోమన్న మాట ఖాయం చేసుకోవాలి, పిల్లను పక్కన కూర్చోబెట్టుకుని.