"పాత ప్రాసెసర్‌కి ఏ బోర్డయినా చాలు" అనేవాళ్ల మీద నా ఎతరాజ్

"పాత ప్రాసెసరే కదా మియా, ఏ బోర్డయినా చాలు." కంప్యూటర్ దుకాణాల్లో ఈ మాట ఎంత ధీమాగా చెబుతారంటే, మన పిల్లలు నిజమేననుకుని జేబు ఖాళీ చేసుకుని వస్తున్నారు. నాకు ఈ మాట మీద సఖ్త్ ఎతరాజ్ ఉంది. ఇది మష్వరా వేషం వేసుకున్న ధోకా. దీని నుక్సాన్ భరించేది కొత్త కంప్యూటర్ కొనే తాకత్ లేని ఇల్లే.

మన ఇళ్లలో మామూలుగా జరిగేదే చూడండి. భాయ్‌జాన్ వాడి వదిలేసిన కంప్యూటర్ తమ్ముడికి వస్తుంది. లోపల ఏఎండీ రైజెన్ 5 1600 ఉంటుంది. 2017లో వచ్చిన చిప్ అది, 6 కోర్లు, 12 థ్రెడ్లు. బోర్డు ఖతం, ప్రాసెసర్ మాత్రం సలామత్. తమ్ముడేమో షాదీ వీడియోలు ఎడిట్ చేసి నాలుగు పైసలు కమాయిస్తున్నాడు. ఒక చవక బోర్డు కొని, ప్రాసెసర్‌ని కంపెనీ పెట్టిన వేగం కంటే కాస్త పైకి నడిపించి, ఇంకో రెండేళ్లు గడుపుకుందామని వాడి ఇరాదా. దీన్ని కంజూసీ అనకండి. ఇది కిఫాయత్.

అలాంటి కుర్రాడికి "ఏ బోర్డయినా చాలు" అంటూ చేతిలో పెట్టేది చాలాసార్లు ఏ320 చిప్‌సెట్ బోర్డు. రైజెన్ 1600కి మల్టిప్లయర్ తాళం లేదు, ఎంత వేగానికైనా ప్రయత్నించవచ్చు. కానీ ఏ320 ఆ దర్వాజా మూసేస్తుంది. దానిలో ప్రాసెసర్ ఓవర్‌క్లాకింగ్ సదుపాయమే ఉండదు. సెట్టింగుల్లో రాత్రంతా వెతికినా దొరకదు. ఈ పనికి కావలసింది బీ350 లేదా బీ450. అదృష్టం బాగుండి సెకండ్‌హ్యాండ్‌లో తక్కువకి దొరికితే ఎక్స్370, ఎక్స్470 కూడా పనికొస్తాయి.

ఇంకో గొయ్యి కూడా ఉంది. "కొత్త మాల్ తీసుకో" అని బీ550 అంటగడతారు. బోర్డు మంచిదే, ఓవర్‌క్లాకింగ్ కూడా చేస్తుంది. కానీ రైజెన్ 1000 వరసకి దానిలో అధికారికంగా సపోర్ట్ లేదు. సాకెట్ అదే ఏఎం4, చిప్ చక్కగా కూర్చుంటుంది, స్క్రీన్ మీద మాత్రం ఏమీ రాకపోవచ్చు. కొనే ముందు బోర్డు కంపెనీ సైట్‌లో ప్రాసెసర్ల ఫెహరిస్త్ చూడండి. మీ చిప్ పేరు అందులో లేకపోతే సౌదా వద్దు.

చిప్‌సెట్ సరైనదే అయినా కథ అక్కడితో తీరదు. ప్రాసెసర్‌కి కరెంట్ మలిచి ఇచ్చే భాగాన్ని వీఆర్‌ఎం అంటారు. సాకెట్ పక్కన వరసగా ఉండే కాయిల్స్, చిన్న నల్ల చిప్స్ అవే. హిసాబ్ వేసి చూడండి. 1600 మీద రాసిన లెక్క 65 వాట్లు. ఓవర్‌క్లాక్ చేస్తే 100 వాట్లు దాటొచ్చు. 1.35 వోల్టుల దగ్గర 100 వాట్లంటే సుమారు 74 ఆంపియర్లు. ప్రాసెసర్ కోర్లకి నాలుగు ఫేజులే ఉన్న బోర్డులో ఒక్కోదాని నెత్తిన 18 ఆంపియర్లు పైనే పడతాయి. అదంతా గంటల తరబడి, మే నెలలో, డాబా కింద గదిలో. ఆ చిప్స్ మీద హీట్‌సింక్ అనే లోహపు ముక్క కూడా లేకపోతే బోర్డు వేడెక్కి, తనను తాను కాపాడుకోవడానికి ప్రాసెసర్ వేగం తగ్గించేస్తుంది. పెంచిన వేగం పెంచినట్టే పోతుంది, కరెంట్ బిల్లు మాత్రం మిగులుతుంది.

అందుకే అంటున్నాను, ఓవర్‌క్లాక్ చేయాలనుకున్న పాత ప్రాసెసర్‌కి బోర్డు విషయంలో ఇంకా ఎక్కువ ఎహతియాత్ కావాలి. రంగురంగుల లైట్లకి పైసా ఇవ్వకండి. వీఆర్‌ఎం మీద బరువైన హీట్‌సింక్ ఉన్న బోర్డుకి ఇవ్వండి. ఎంఎస్ఐ బీ450 టోమాహాక్, బీ450ఎం మోర్టార్ ఈ విషయంలో పేరు తెచ్చుకున్నవి.

"ఇంతా చేస్తే వచ్చే ఫాయిదా ఎంత?" అని అడుగుతారు. సవాల్ జాయజే. 1600 అన్ని కోర్ల మీద పని పడినప్పుడు దాదాపు 3.4 గిగాహెర్ట్జ్ దగ్గర నడుస్తుంది. 3.8కి తేగలిగితే పెరిగేది సుమారు 12 శాతం. గంట పట్టే రెండర్ మహా అయితే 54 నిమిషాలకి వస్తుంది. ప్రతి చిప్ 3.8 ఇస్తుందని హామీ కూడా లేదు. ఇంతకుమించి జాదూ చూపిస్తామనేవాళ్లని నమ్మకండి. ర్యామ్ ఒకే స్టిక్ ఉంటే ముందు రెండోది వేయండి, ఆ తర్వాతే ఓవర్‌క్లాక్ గురించి ఆలోచించండి.

మరి మంచి బీ450 మీద డబ్బు ఎందుకు పెట్టాలి? ఆ డబ్బు రెండుసార్లు పనికొస్తుంది కనుక. ఈ రోజు 1600ని నడిపిన బోర్డే, బయాస్ అప్‌డేట్ చేస్తే, రేపు సెకండ్‌హ్యాండ్ రైజెన్ 5 5600ని కూడా నడుపుతుంది. పాత చిప్ ఉండగానే అప్‌డేట్ చేసి, తర్వాత కొత్తది బిగించాలి, తర్తీబ్ తప్పొద్దు.

సికింద్రాబాద్ చెనాయ్ ట్రేడ్ సెంటర్‌లో కొన్నా, ఇంకెక్కడ కొన్నా, సెకండ్‌హ్యాండ్ బోర్డుని కళ్ల ముందు ఆన్ చేయించండి. ర్యామ్ స్లాట్లన్నీ పరఖాయించండి. ఉబ్బిన కెపాసిటర్లు, కాలిన మచ్చలు ఉంటే తిరిగి రండి. పాత బోర్డు నుంచి కూలర్ తీసేటప్పుడు మెల్లగా అటూ ఇటూ తిప్పి తీయండి. జబర్దస్తీగా లాగితే ప్రాసెసర్ కూడా ఊడొచ్చి పిన్నులు వంగుతాయి.

ఇంటెల్ వాళ్లకి ఒక్క మాట. మీది పేరు చివర కె లేని ఐ5 4590 లాంటిదైతే, ఓవర్‌క్లాకింగ్ కోసం బోర్డు మార్చడం ఫిజూల్ ఖర్చు. ఆ తాళం ప్రాసెసర్‌లోనే ఉంది, ఏ బోర్డూ తీయలేదు.

దుకాణ్‌దార్ భాయ్‌లకి నా గుజారిష్ ఒక్కటే. "ఏం పనికి, ఏ ప్రాసెసర్‌కి?" అని అడిగి అమ్మండి. ఆ రెండు సవాళ్లు అడగని సౌదాలో ఇన్సాఫ్ లేదు. అమ్మీ అబ్బాలకి కూడా చెబుతున్నాను: "ఉన్నవాటిలో చవకది తెచ్చుకో" అని పిల్లాణ్ని పంపకండి. వాడు చిప్‌సెట్ పేరు కాగితం మీద రాసుకుని వెళితే, ఆ కాగితంలో ఉన్నదే తెచ్చుకోనివ్వండి.